మిగిలిన ఆరు మాత్రలు

మొన్నటి కోతల కాలంలో ఒక శనివారం అర్ధరాత్రి మా ఎడమ కాలి బొటనవేలి మొదట్లో నిప్పు పెట్టినట్లు మంట లేచింది. తెల్లవారేసరికి ఎర్రగా ఉబ్బి, దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినంత పనైంది. ఆ ఆదివారం కుర్చీలో కూర్చొనే వాక్యం చెప్పాము. ఆరాధన తరువాత ఒక సహోదరుడు, ఆసా రాజు పాదాల జబ్బులో వైద్యులను నమ్ముకొన్న సంగతి గుర్తుచేశాడు. ఆసా తప్పు వైద్యుని పిలవడం కాదు, దేవుని విడవడం అని చెప్పి, సోమవారం ఉదయమే ఆటోలో పట్నం వెళ్ళాము.

డాక్టరుగారు వేలు చూసి గౌట్ అన్నారు. రక్తంలో యూరిక్ ఆమ్లం ఎక్కువైతే అది సూదుల్లాంటి స్ఫటికాలుగా కీలులో పేరుకొంటుందట. శరీరం వాటిమీద తిరగబడడమే ఈ వాపు. నాప్రోక్సెన్ 500 మిల్లీగ్రాముల మాత్రలు పది వ్రాశారు. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నాకనే. కడుపు కాపాడుకోవడానికి వేరే మాత్ర. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిదనీ, నొప్పి పూర్తిగా పోయేవరకు ఆపవద్దనీ చెప్పారు. మూత్రపిండాల జబ్బుందా, కడుపులో పుండుందా, గుండె ఎలా ఉంది అని అడిగి రక్తపరీక్ష కూడా చేయించారు. ఆ ప్రశ్నలన్నీ మాకు తంతుగా తోచాయి.

రెండు రోజులకే చెప్పులు తొడుక్కొన్నాము, మాత్రలు ఆపేశాము. ఆ వారమే సంఘ పెద్ద ఒకరు అలాగే వాచిన వేలితో వచ్చారు. ఆయనకు ఇరవై ఏళ్ళుగా షుగరు, బీపీ.

"అయ్యగారూ, మీకు తగ్గిన మందే నాకూ ఇవ్వండి, బస్సు ఖర్చు మిగులుతుంది" అన్నారు. మిగిలిన ఆరు మాత్రలు పొట్లం కట్టి, ప్రార్థన చేసి ఇచ్చాము.

అవి అయిపోయేసరికి ఆయన ముఖం ఉబ్బింది, మూత్రం తగ్గింది. ఆసుపత్రిలో క్రియాటినిన్ పెరిగిందన్నారు. షుగరుతో ముందే దెబ్బతిన్న మూత్రపిండాలకు ఈ మందు రక్తం అందడం తగ్గిస్తుందట. అలాంటివారికి కొద్ది రోజులు ప్రెడ్నిసొలోన్ వంటివి ఇచ్చి, షుగరు కనిపెట్టుకొని ఉంటారని అక్కడే తెలిసింది.

"ఈ మాత్రలు ఎవరిచ్చారు?" అని డాక్టరు అడిగితే, పెద్దాయన మావైపు చూడకుండా, "దుకాణంలో కొన్నాను" అన్నారు. మేమే ఇచ్చామని చెప్పాము.

మందు మాన్పించాక వారానికి ఆయన తేరుకొన్నారు. ఈలోగా మా వేలు మళ్ళీ వాచింది. ఇంట్లో మాత్ర ఒక్కటీ లేదు. కుంటుకొంటూ ఆయన మంచం దగ్గరకు వెళితే, స్టూలు జరిపి, "కాలు పైన పెట్టుకోండి అయ్యగారూ" అన్నారు.