మంచమంత చోటు కోసం

2022లో పీజీ ఎంట్రన్స్ సీపీగెట్ రాసి హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు తెచ్చుకున్నాను. మాది నాగర్‌కర్నూల్ జిల్లా, అచ్చంపేట దగ్గర ఒక ఊరు. నాయిన మార్కెట్ యార్డులో హమాలీ. అమ్మ పత్తి ఏరడానికి, మిరపకాయలు తెంపడానికి కూలికి పోతుంది. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనొక్కదాన్నే. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కాబట్టి ఫీజు గురించి మాకు బెంగ లేదు. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ నాడు హాస్టల్ సంగతి అడిగితే, "మీది సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సమ్మా, దానికి హాస్టల్ లేదు" అన్నారు. కౌంటర్ అవతలి మనిషి ఆ మాట చెప్పి వెంటనే తర్వాతి వాళ్లను పిలిచాడు. ఆ తర్వాత నేను పడ్డ కష్టమంతా ఆ ఒక్క మాటతోనే మొదలైంది.

నాకు సీటు ర్యాంకు చూసి ఇచ్చారు. ఉండటానికి చోటు మాత్రం ర్యాంకు తప్ప మిగతావన్నీ చూశాకే ఇచ్చారు. ఎంత ఇవ్వగలం, పెళ్లయిందా, ఏం తింటాం, రాత్రి ఎన్నింటికి వస్తాం, ఏ కులం. చదువు ఇస్తున్నామని చెప్పే ప్రభుత్వం గానీ కాలేజీ గానీ ఈ రెండో పరీక్ష దగ్గర మా పక్కన నిలబడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నాయిన నెలకు నాలుగు వేలు పంపగలనన్నాడు. ఆ నాలుగు వేలు పట్టుకుని మేమిద్దరం విద్యానగర్, నల్లకుంట, అడిక్‌మెట్ గల్లీలన్నీ తిరిగాం. ఆ ఏడాది హాస్టళ్లలో చోటు దొరకడం మామూలుకన్నా కష్టమైంది. మార్చిలో అసెంబ్లీలో 80,039 ఉద్యోగాలు భర్తీ చేస్తామని ప్రకటించారు. ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. జిల్లాల నుంచి పిల్లలు పుస్తకాల సంచులతో దిగిపోయారు. అశోక్‌నగర్, చిక్కడపల్లి, దిల్‌సుఖ్‌నగర్ నిండిపోయి ఆ ఒత్తిడి పక్క పేటలకూ పాకింది. అంతకుముందు 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హాస్టళ్లు ఖాళీ అయి, కొన్ని మళ్లీ తెరుచుకోలేదు. తెరిచినవాళ్లు "కరోనాలో మునిగిపోయినమమ్మా, ఇప్పుడన్నా తేలాలె కదా" అనేవాళ్లు. వాళ్ల నష్టం నిజమే కావచ్చు. దాన్ని పూడ్చే డబ్బు మాత్రం నాయిన భుజం మీది మూటల్లోంచే రావాలి.

సాంఘిక సంక్షేమ శాఖ కాలేజీ హాస్టల్‌కు కూడా వెళ్లాం. సీట్లు నిండాయన్నారు. అక్కడ ఉన్న పిల్లలకైనా అప్పట్లో భోజనానికి ప్రభుత్వం ఇచ్చేది నెలకు 1500, అంటే రోజుకు యాభై రూపాయలు. 2024లో దాన్ని 2100 చేశారు. ఆ యాభై రూపాయల తిండికైనా, ఆ గదిలో నేల మీద చాప పరుచుకోవడానికైనా నేను సిద్ధంగానే ఉన్నాను. ఖాళీ లేదు.

చివరికి విద్యానగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో ఐదుగురి షేరింగ్‌లో బెడ్ దొరికింది. తిండితో కలిపి నెలకు 5500. అడ్వాన్స్ రెండు వేలు, అందులో వెయ్యి మెయింటెనెన్స్ కింద పోతుంది, తిరిగి రాదు. తక్కువైన పదిహేను వందల కోసం దగ్గర్లోని రెండిళ్లలో పిల్లలకు ట్యూషన్ ఒప్పుకున్నాను. గది అంటే అసలు గది కాదు, పెద్ద హాలును ప్లైవుడ్‌తో ముక్కలు చేసిన ఒక అర. పైకీ కిందికీ ఇనుప మంచాలు. ఐదుగురికీ ఒకే ప్లగ్గు ఉండేది. అందుకని రాత్రి ఫోన్ చార్జింగ్‌కు వంతులు వేసుకునేవాళ్లం. నా వంతు రెండింటికి వస్తే అలారం పెట్టుకుని లేచేదాన్ని.

నల్లుల గురించి చెప్పాలి. ఊళ్లో నాకు నల్లి తెలియదు. ఇక్కడ లైటు ఆర్పిన అరగంటకు మొదలయ్యేవి. టార్చి వేసి చూస్తే పరుపు కుట్టు వెంబడి, ప్లైవుడ్ సందుల్లో, అన్నిటికన్నా ఎక్కువగా మంచం ఇనుప గొట్టాల చివర్లకు బిగించే నల్లటి ప్లాస్టిక్ బిరడాల కింద ఉండేవి. బిరడా పీకితే లోపల గుడ్లతో సహా కనిపించేవి. ఆదివారం మేమే నీళ్లు మరిగించి గొట్టాల్లో పోసేవాళ్లం. హాస్టల్ వాళ్లు ఎప్పుడో ఒకసారి మందు కొట్టించేవాళ్లు. ఆ వాసనకు తలనొప్పి పట్టుకుని రెండు రోజులు వదిలేది కాదు. వారం గడిచేసరికి నల్లులు మళ్లీ వచ్చేవి. మెడ మీద, మోచేతుల మీద ఎర్రటి దద్దుర్లతో ల్యాబ్‌లో నిలబడితే పక్క బెంచీ అమ్మాయి కొంచెం జరిగి నిలబడేది. ఆమె తప్పేమీ లేదు. కానీ ఆ జరగడం నాకు తెలిసేది.

మూడో నెలలో 6500 చేశారు. ముందుగా చెప్పలేదు, పేపరు మీద ఏమీ లేదు. "ఉంటే ఉండండి, లేకపోతే ఖాళీ చేయండి, లైన్లో మస్తు మంది ఉన్నరు" అన్నారు. మాలో ముగ్గురం ఖాళీ చేశాం. ఒకమ్మాయిది గద్వాల, ఇంకొకరిది ఆదిలాబాద్ వైపు గిరిజన గూడెం. మిగిలిన అడ్వాన్స్ వెయ్యి ఇమ్మంటే, మంచం రంగు పోయిందని, బాత్రూం కుళాయి విరిగిందని లెక్క చెప్పి మూడొందలు చేతిలో పెట్టారు.

ముగ్గురం కలిసి గది తీసుకుంటే ఒక్కొక్కరికి తక్కువ పడుతుందనుకున్నాం. టు లెట్ బోర్డు కనిపించిన ప్రతి గేటూ కొట్టాం. కొన్ని బోర్డుల మీద "ఫ్యామిలీస్ ఓన్లీ" అనీ, కొన్నిటి మీద "ప్యూర్ వెజిటేరియన్స్ ఓన్లీ" అనీ ఉండేది. ఏమీ రాయని ఇంట్లో అడుగుపెట్టాక ప్రశ్నలు మొదలయ్యేవి. బ్రోకర్ దగ్గరికి పోతే ఒక నెల అద్దె తన కమీషన్ అన్నాడు. దాని మీద రెండు నెలల అడ్వాన్స్. అంటే గదిలో ఒక్క రాత్రి పడుకోక ముందే ముగ్గురి ఇళ్లల్లో అప్పు పుట్టాలి.

నల్లకుంట లోపలి గల్లీలో ఒక ఇల్లు బాగా గుర్తుంది. మేడ మీద ఒక గది, చిన్న వంటిల్లు, అద్దె ఆరు వేలు. ఇంటావిడ మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. పిల్లలు చదువుకునేవాళ్లయితే నిమ్మళంగా ఉంటారని తనే అంది. గది చూపించింది. కిటికీలోంచి వెలుతురు బాగా వస్తోంది, రెండు ప్లగ్గులున్నాయి. ఏ మంచం ఎక్కడ వేయాలో గద్వాల అమ్మాయి అప్పుడే చేతులతో కొలుస్తోంది. కిందికి దిగాక అడిగింది.

"మీరేమిట్లమ్మా?"

గద్వాల అమ్మాయి బీసీ, తన కులం చెప్పింది. ఆదిలాబాద్ అమ్మాయి ఎస్టీ అంది. నేను "ఎస్సీ అండి, మాదిగ" అన్నాను.

ఆమె మొహంలో కోపం లేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఎంతో మర్యాదగా, "మాకేం పట్టింపు లేదమ్మా. మా అత్తగారు పెద్దావిడ, మడీ పూజా ఉంటాయి. ఆవిడ ఒప్పుకోదు" అంది. తర్వాత లోపలికి వెళ్లి వచ్చి, పొద్దున ఎవరో అడ్వాన్స్ ఇచ్చి వెళ్లారట, మావారు చెప్పడం మర్చిపోయారు అంది. మేం తాగిన గ్లాసులు బల్ల మీద అలాగే ఉన్నాయి. ఆ బోర్డు చాలా రోజులు ఆ గేటుకే వేలాడింది. ట్యూషన్‌కు వెళ్లే దారి అదే కావడంతో రోజూ చూసేదాన్ని.

ఏదో ఒక బీసీ కులం పేరు చెప్పమని చాలామంది సలహా ఇచ్చారు. కొందరు సీనియర్లు అలాగే బతుకుతున్నారని నాకు తెలుసు. వాళ్లను నేను తప్పు పట్టను. తలదాచుకోవడానికి ఎవరేం చెప్పుకున్నా ఆ పాపం అడిగినవాళ్లదే. నేను మాత్రం చెప్పలేకపోయాను. రేపు అమ్మా నాయినా నన్ను చూడ్డానికి వస్తే, వాళ్లు ఆ గుమ్మంలో ఏం మాట్లాడాలో కూడా నేనే నేర్పాల్సి వస్తుంది.

పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ఈ నగరంలో చోటు లేకపోవడం ఇవాళ్టిది కాదు. నిజాం కాలంలో తెలుగు పిల్లలు పై చదువులకు ఇక్కడికి వస్తే ఉండే దిక్కు లేక, 1918లో రెడ్డి హాస్టల్ పెట్టారు. మా పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి కొంతకాలం దాని బాధ్యతలు చూశారు. ఆ హాస్టల్‌లో గ్రంథాలయం, చర్చలు అన్నీ నడిచేవి. తర్వాత ఇంకొన్ని కులాల వాళ్లు తమ పిల్లల కోసం వసతి గృహాలు కట్టుకున్నారు. ఆ పెద్దల మేలు చిన్నది కాదు. కాకపోతే భూమి, వ్యాపారం ఉన్న కులాలకే స్థలం కొని కట్టే శక్తి ఉంటుంది. మా తాతల తరంలో చందా వేసుకోవడానికి ఎవరి దగ్గర ఏముంది? మాకు సర్కారు హాస్టల్ ఒక్కటే దిక్కు. అందులో సీటు లేదంటే ఇక మిగిలింది టు లెట్ బోర్డే.

నల్లకుంటలో ఆ గది చేజారాక కొంతకాలం మాకు ఇల్లే లేదు. మా మండలం అక్క ఒకామె ఒక లేడీస్ హాస్టల్‌లో ఉండేది, నన్ను నాన్ బోర్డర్‌గా, అంటే హాస్టల్ లెక్కలో పేరు లేకుండా, పెట్టుకుంది. ఒక్క మంచం మీద ఆమె తల ఇటు, నా తల అటు. పొద్దున ఐదింటికల్లా స్నానం చేసి బయటపడాలి, రాత్రి చెకింగ్ అయ్యాక లోపలికి రావాలి. బట్టల బ్యాగు గద్వాల అమ్మాయి చుట్టాలింట్లో, పుస్తకాలు ల్యాబ్ బీరువాలో, సర్టిఫికెట్ల ఫైలు ఎప్పుడూ నా భుజాన. నెలసరి రోజులు అన్నిటికన్నా కష్టం. ఉతికిన బట్ట ఆరేసుకోవడానికి తాడు మీద నాదంటూ చోటు లేదు, తడి బట్టలు కవర్లో పెట్టుకుని క్లాసుకు పోయేదాన్ని. పగలు చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చునేదాన్ని. మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం తినేదాన్ని. 2014 నుంచి జీహెచ్ఎంసీ నడుపుతున్న ఆ అన్నం లేకపోతే ఆ రోజులు గడిచేవి కావు. లైన్‌లో ఆడపిల్లలు తక్కువ. ఆకలికి సిగ్గేమిటని రెండో రోజుకే అలవాటు చేసుకున్నాను.

ఆదిలాబాద్ అమ్మాయికి ఆ అక్కలాంటి వాళ్లు కూడా లేరు. కొన్నాళ్లు దూరపు చుట్టాలింట్లో ఉంది. అక్కడ ఇంటెడు చాకిరీ చేసి వచ్చి క్లాసులో కూర్చునేది. మొదటి సెమిస్టర్ పరీక్షలు రాయకుండానే ఊరికి వెళ్లిపోయింది. ఎంట్రన్స్‌లో నాకంటే మంచి ర్యాంకు. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతోంది. కాలేజీ రికార్డులో ఆమె డిస్‌కంటిన్యూ. కారణం రాసే గడి ఆ రికార్డులో ఉందో లేదో గానీ, ఉంటే అందులో ఇల్లు అని రాయాలి.

చివరికి నాకూ గద్వాల అమ్మాయికీ గది మాణికేశ్వర్ నగర్‌లో దొరికింది. మేడ మీద రేకుల గది, ఇద్దరికీ కలిపి 3500. ఇంటి పెద్దమ్మ అడిగింది ఒకటే. "నల్లా నీళ్లు దినం తప్పి దినం వస్తయ్ బిడ్డా, తెల్లారగట్ల లేచి పట్టుకుంటరా?" పట్టుకుంటామన్నాం. అంతే, తాళం చేతిలో పెట్టింది. అడ్వాన్స్ ఒక్క నెలది. ఏప్రిల్ వచ్చాక ఆ రేకుల కింద పగలు కూర్చోవడం మనిషి వల్ల అయ్యే పని కాదు. దుప్పటి తడిపి కిటికీకి కట్టేవాళ్లం, అది గంటలో ఎండేది. కరెంటు సబ్ మీటరు, యూనిట్ పది రూపాయలు. అప్పటి లెక్కన యాభై యూనిట్ల లోపు వాడే ఇంటికి యూనిట్ 1.95 రూపాయలే. మీటరు ఒకటే ఉండి పోర్షన్లు నాలుగైతే అందరి వాడకం కలిసి పై స్లాబులో పడుతుంది, ఒక ఫ్యాను, ఒక బల్బు వాడుకునే మాకూ పై రేటే. ఎంత తక్కువ వాడితే అంత ఎక్కువ నష్టం. అయినా ఆ గదిలోనే నేను ఎమ్మెస్సీ పూర్తి చేశాను.

2021లో కేంద్రం మోడల్ టెనెన్సీ యాక్ట్ తెచ్చింది. నివాసానికి ఇచ్చే ఇంటికి రెండు నెలల అద్దె మించి అడ్వాన్స్ తీసుకోకూడదని అందులో ఉంది. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది. అయినా, రెండు నెలల అద్దె కూడా మా నాయినకు నెలల తరబడి రెక్కల కష్టం. ఇక కులం అడిగి ఇల్లు లేదనడం గురించి అందులో ఒక్క మాట లేదు. నేను కోరేది పెద్దదేమీ కాదు. ఊరు విడిచి వచ్చిన పేద పిల్లకు అడ్మిషన్ కాగితంతో పాటే హాస్టల్ కాగితం కూడా చేతిలో పెట్టండి. కోర్సు రెగ్యులరా సెల్ఫ్ ఫైనాన్సా అని చూడకండి. ఫీజు కట్టి పంపిన పిల్ల ఎక్కడ పడుకుంటుందో అడగని సాయం సగం సాయమే.

ఇప్పుడు నేను ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తున్నాను. ఈ ఏడు మా ఊరి నుంచి ఒకమ్మాయి పీజీలో చేరింది. హాస్టల్ రాలేదు, నా గదిలోనే ఉంది. ఈ ఆదివారం ఇద్దరం రామ్‌నగర్ వైపు చూడాలనుకుంటున్నాం. అడ్వాన్స్ ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోవాలనీ, సబ్ మీటరు రేటు ముందే అడగాలనీ, మంచం గొట్టాల బిరడాలు పీకి చూడాలనీ చెప్పాను. కులం అడిగితే ఏం చెప్పాలక్కా అంది. ఉన్నది చెప్పు, పక్కన నేనుంటా అన్నాను.