దాదీ, బేటీ, సానియా ఆఖరి ఆట



క్రికెట్ మ్యాచ్‌కి వెళ్ళటం మన ఇళ్ళల్లో కొత్తేం కాదు. షార్జాలో మ్యాచ్ ఉందంటే మగవాళ్ళు, పిల్లలు జెండాలు పట్టుకుని బయల్దేరుతూనే ఉంటారు. కానీ టెన్నిస్, అదీ ఆడవాళ్ళ టెన్నిస్ చూడటానికి దాదీ, అమ్మ, మనవరాలు ముగ్గురం కలిసి పొద్దున పోయి రాత్రికి వచ్చామంటే మా బిల్డింగ్‌లో చాలామందికి అజీబ్‌గా అనిపించింది. "టీవీలో వస్తుంది కదా ఆపా, ఈ తక్లీఫ్ ఎందుకు?" అని అడిగారు. లిఫ్ట్ దగ్గర నిలబడి చెప్పే జవాబు కాదది. తీరిగ్గా ఇక్కడ చెప్తున్నా.

ఆ రోజు 2023 ఫిబ్రవరి 21, మంగళవారం. దుబాయ్ గర్హూద్‌లో ఎయిర్‌పోర్ట్‌కి దగ్గర్లోనే ఒక టెన్నిస్ స్టేడియం ఉంది. అయిదు వేల మంది పడతారు. ప్రతి ఏడాదీ ఫిబ్రవరిలో అక్కడ ఒక వారం ఆడవాళ్ళ టోర్నమెంట్, వెంటనే ఇంకో వారం మగవాళ్ళ టోర్నమెంట్ జరుగుతాయి. సానియా మీర్జా తన ఆఖరి టోర్నమెంట్ ఇదేనని ముందే ఎలాన్ చేసింది. మా బేటీకి ఆ ఖబర్ తెలిసిన రోజు నుంచీ ఒకటే జిద్. "అమ్మీ, నాకు ఈద్‌కి బట్టలు వద్దు, ఏమీ వద్దు. ఆ ఒక్క రోజు తీసుకెళ్ళు చాలు."

దాని జిద్ వెనక ఇంకో సంగతి ఉంది. మా ఆయన నౌకరీ మార్చితో అయిపోతోంది. వాపస్ గుంటూరు వెళ్ళిపోతున్నాం. సామాన్లు సర్దటానికి సాయంగా మా అత్తగారు విజిట్ వీసా మీద వచ్చారు. బేటీకి పన్నెండు నిండాయి. రెండేళ్ళుగా షార్జాలో కోచింగ్‌కి వెళ్తోంది. దాదీ వచ్చిన మూడో రోజే ఫైసలా చెప్పేశారు. "ఇక్కడ ఆడింది చాలు. ఇక్కడ మనం ఎవరికి తెలుసు? గుంటూరులో గల్లీ మొత్తం మనల్ని ఎరుగుదురు. ఎదిగే పిల్ల, రాకెట్ పట్టుకుని రోడ్డు మీద పోతుంటే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు." మా ఆయన అవుననలేదు, కాదనలేదు. "అమ్మీ దిల్ నొప్పించి నేనేం చెయ్యను" అన్నారు, అంతే. ఆ రాత్రి బేటీ రోటీ సగంలో వదిలేసి లేచిపోయింది.

నేను దాదీతో బహస్ చెయ్యలేదు. మూడు టికెట్లు తీసుకున్నా.

మా అత్తగారి గురించి ఒక మాట చెప్పాలి. ముప్పై ఏళ్ళు మిషను కుట్టి నలుగురు పిల్లల్ని చదివించిన మనిషి. పని చేసే చేతిని చూస్తే ఆవిడ అక్కడే నిలబడిపోతారు, అది జిలేబీ వేసే చెయ్యి అయినా, తాళం రిపేర్ చేసే చెయ్యి అయినా. నా ఉమ్మీద్ అంతా ఆ అలవాటు మీదే.

టోర్నమెంట్‌కి ఎప్పుడైనా వెళ్తే నా మష్వరా ఒకటే. మ్యాచ్ టైముకి కాకుండా పొద్దున్నే వెళ్ళండి. ప్రాక్టీస్ కోర్టుల దగ్గరే అసలు మజా. మ్యాచ్‌లో వాళ్ళు ఎక్కడో కింద, దూరంగా కనిపిస్తారు. ప్రాక్టీస్‌లో జాలీకి అవతల నాలుగడుగుల దూరంలో ఉంటారు. బంతి రాకెట్‌కి తగిలిన చప్పుడు మన ఛాతీలో తెలుస్తుంది. బూటు నేల మీద కీచుమనటం, కోచ్ గొణుగుడు, వాళ్ళ ఆయాసం, అన్నీ వినిపిస్తాయి.

వాళ్ళ ప్రాక్టీస్‌కి ఒక తర్తీబ్ ఉంటుంది. ముందు ఇద్దరూ నెట్‌కి దగ్గరగా నిలబడి బంతిని మెల్లగా అటూ ఇటూ వేసుకుంటారు. ఒళ్ళు వేడెక్కాక బేస్‌లైన్ దాకా వెనక్కి వెళ్ళి కొడతారు. మొదట మూల నుంచి మూలకి, తర్వాత తిన్నగా గీత వెంట. ఆ తర్వాత ఒకళ్ళు నెట్ దగ్గరికొచ్చి వాలీలు, నెత్తి మీది బంతికి స్మాష్‌లు. చివర్లో సర్వ్‌లు. డబుల్స్ వాళ్ళదైతే ఇంకా చూడముచ్చట. నెట్ దగ్గరున్నామె వీపు వెనక వేళ్ళతో ఇషారా చేస్తుంది, సర్వ్ వేసేది ఆ ఇషారా చూసి బంతి ఎటు వెయ్యాలో అటు వేస్తుంది. మా బేటీ ఇదంతా దాదీకి రన్నింగ్ కామెంటరీలా చెప్తూనే ఉంది.

జనం పెద్ద పేర్లున్న కోర్టుల చుట్టూ మూగారు. దాదీకి మోకాళ్ళ నొప్పులు, అంత తోపులాటలో నిలబడలేరు. అందుకని ఖాళీగా ఉన్న ఒక కోర్టు పక్కన కూర్చున్నాం. అక్కడ ఆడుతున్నది ఎవరో ఒక కుర్రపిల్ల. పేరు మా బేటీకి కూడా తెలీదు. కోచ్ అవతలి మూలలో ఒక ప్లాస్టిక్ కోన్ పెట్టి, బుట్టలోంచి ఒక్కో బంతీ తీసి ఆమె బ్యాక్‌హ్యాండ్‌కి వేస్తున్నాడు. ఆమె ఆ కోన్‌ని కొట్టాలి. కొట్టటం, తప్పటం. కొట్టటం, తప్పటం. బుట్ట ఖాళీ అయితే ఇద్దరూ వంగి బంతులన్నీ ఏరుకుని మళ్ళీ మొదటినుంచి.

దాదీ వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్క వేసుకుంటున్నారు. కాసేపయ్యాక నా వైపు తిరిగి, "డెబ్బై రెండు వేసింది. తగిలినవి తొమ్మిది" అన్నారు. నేను నవ్వబోయాను, ఆవిడ నవ్వలేదు. "నాకు పని నేర్పిన ఉస్తాద్ కూడా అంతే. ఒక్క కాజా వంకరగా వస్తే మొత్తం విప్పించేవాడు. ఏడుస్తూ మళ్ళీ కుట్టేదాన్ని. ఆ పిల్ల ఏడవట్లేదు, సబర్ ఉంది."

ఇంకో సంగతి కూడా ఆవిడ కంట పడింది. ప్రాక్టీస్ చేసేవాళ్ళలో కొందరు కాలి మడమల దాకా లెగ్గింగ్స్, నిండు చేతుల టీషర్టు వేసుకున్నారు. "ఇలా కూడా ఆడనిస్తారా?" అని అడిగారు. ఆడనిస్తారు. స్కర్టు లేకుండా లెగ్గింగ్స్‌తో మ్యాచ్ ఆడొచ్చని ఆడవాళ్ళ టెన్నిస్ సంఘం డబ్ల్యూటీఏ 2019 నుంచి తన ఖాయిదాల్లో సాఫ్‌గా రాసింది. మా బేటీ రెండేళ్ళుగా అలాగే ఆడుతోంది. ఆ మాట నేను ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా దాదీ చెవికి ఎక్కలేదు. కళ్ళతో చూశాక "హూఁ" అన్నారు.

కారులో తెచ్చుకున్న రోటీలు, టమాటా పచ్చడి తిని, జుహర్ చదువుకుని, మ్యాచ్‌లు చూడటానికి వెళ్ళాం. దాదీకి టెన్నిస్ లెక్క అర్థమయ్యేలా చెప్పటం పెద్ద ఇమ్తిహాన్. పదిహేను, ముప్పై, ఆ తర్వాత నలభై. "నలభై అయిదు కదా రావాలి? ఆ అయిదు ఎవరు తిన్నారు?" అని అడిగారు. మైకులో అంపైర్ "ఫిఫ్టీన్ లవ్" అనగానే దాదీ ముఖం చూడాలి. "తౌబా! ఇంతమంది ముందు ఆ పిల్ల ఏమంటోందే?" బేటీ నవ్వాపుకోలేక దుపట్టా నోట్లో కుక్కుకుంది. లవ్ అంటే సిఫర్ అని చెప్పాక, "అలా చెప్పు. లవ్ చేస్తే మిగిలేది సిఫరే" అన్నారు.

కానీ అక్కడి అదబ్ ఆవిడకి బాగా నచ్చింది. పాయింట్ నడుస్తుంటే వేలమంది ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. ఎవరూ లేవరు, ఫోన్ మోగదు. ఆటగాళ్ళు వైపులు మారేదాకా మెట్ల దగ్గర ఆగిపోవాల్సిందే. పైనుంచి విమానం పోతే తప్ప చప్పుడు లేదు. "మన షాదీల్లో నికాహ్ చదివేటప్పుడు కూడా ఇంత ఖామోషీ ఉండదు" అన్నారు.

సానియా రావటానికి ముందు నేను దాదీకి నా కథ చెప్పాను. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఫతే మైదాన్‌లో సానియా ఉక్రెయిన్ అమ్మాయి అలోనా బొండరెంకోని 6-4, 5-7, 6-3తో ఓడించి టైటిల్ గెలిచింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి హిందుస్తానీ ఆడపిల్ల. అప్పటికి ఆమెకి పద్దెనిమిదేళ్ళు. నాదీ ఇంచుమించు అదే వయసు, డిగ్రీ మొదటి ఏడాదిలో ఉన్నా. మా అబ్బా పేపర్ పైకి చదివి, ఆ ఫొటో కత్తిరించి బీరువా తలుపు లోపలి వైపు అంటించారు. ఆ తర్వాత కొద్ది వారాలకే ఇదే దుబాయ్‌లో, ఇదే టోర్నమెంట్‌లో, అప్పటి యూఎస్ ఓపెన్ ఛాంపియన్ కుజ్నెత్సోవాని 6-4, 6-2తో ఓడించింది. అదే ఏడాది ఆమె స్కర్టు మీద దేశమంతా ఎంత బహస్ జరిగిందో మీలో చాలామందికి యాదుండే ఉంటుంది. మా ఇంటికొచ్చిన ప్రతి మెహమానూ దాని మీదే మాట్లాడేవాళ్ళు. ఎవరూ ఆమె ఫోర్‌హ్యాండ్ గురించి మాట్లాడలేదు. అబ్బా మాత్రం ఫొటో తియ్యలేదు.

ఆ తర్వాతి హిసాబ్ అంతా మా బేటీ అప్పజెప్పింది. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు. 2008లో మణికట్టుకి ఆపరేషన్. సింగిల్స్ వదిలి డబుల్స్ మీద మెహనత్. భూపతితో రెండు, బ్రూనో సోరెస్‌తో ఒకటి, మొత్తం మూడు మిక్స్‌డ్ గ్రాండ్‌స్లామ్‌లు. మార్టినా హింగిస్‌తో 2015లో వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియా. డబుల్స్‌లో దునియాలో నంబర్ వన్. 2018లో కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో మళ్ళీ కోర్టులోకి దిగి, వచ్చిన మొదటి టోర్నమెంటే గెలిచింది. "బిడ్డని కన్నాక కూడానా?" అని దాదీ రెండుసార్లు అడిగారు.

ఆ రోజు సానియా జోడీ అమెరికా అమ్మాయి మాడిసన్ కీస్. అవతల వెరోనికా కుదెర్మెతోవా, లుద్మిలా సామ్సొనోవా. ఇద్దరూ గట్టివాళ్ళు, సింగిల్స్‌లోనూ పేరున్నవాళ్ళు. మొదటి సెట్ బరాబర్‌గా నడిచింది. సానియా పాయింట్ గెలిస్తే మన దేశం వాళ్ళ కేకలతో మా పక్క సీట్లన్నీ హోరెత్తేవి. హిందీ, ఉర్దూ, మలయాళం, మధ్యలో ఎక్కడి నుంచో "కొట్టు సానియా!" అని ఖాలిస్ తెలుగు. బేటీ గొంతు బొంగురుపోయింది. ఆ సెట్ 4-6తో పోయింది. రెండో సెట్లో ఒక్క గేమ్ కూడా రాలేదు, 0-6. ఇరవై ఏళ్ళ సఫర్ అంతా అక్కడితో ఖతం. జనం నిలబడి చప్పట్లు కొడుతున్నారు. నా కళ్ళు తడిశాయి. నా ఉమర్ మనిషి ఒకామె పని ముగించుకుని ఇంటికి వెళ్ళిపోతోంది, అంతే కదా. అయినా ఆగలేదు.

దాదీ మాత్రం నారాజ్ అయ్యారు. "ఇంత పేరున్న పిల్ల ఆఖరి రోజు ఓడిపోవటమేంటి? అల్లా, ఒక్క గేమైనా ఇవ్వకూడదా వాళ్ళు?"

బేటీ చాలా నెమ్మదిగా చెప్పింది. "దాదీ, టోర్నమెంట్‌లో ఆఖరికి గెలిచేది ఒక్కళ్ళే. మిగతా అందరూ ఏదో ఒక రోజు ఓడిపోయే ఇంటికెళ్తారు. సానియా కూడా చాలాసార్లు ఓడిపోయే ఇంటికెళ్ళింది. మళ్ళీ వచ్చేది. ఈసారి రాదు, అంతే తేడా."

దాదీ దాని ముఖం వైపు చాలాసేపు చూశారు. పన్నెండేళ్ళ పిల్ల నోట్లోంచి వచ్చే మాట కాదది. ఇంట్లో మేమెవరం నేర్పలేదు. కోర్టే నేర్పింది.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి మమ్మల్ని ఎక్కించుకున్నారు. ఇత్తిహాద్ రోడ్డు మీద ఎప్పటిలాగే ట్రాఫిక్. బేటీ వెనక సీట్లో నిద్రపోయింది. దాదీ ఉన్నట్టుండి అడిగారు. "ఆ సానియాకి చిన్నప్పుడు తోడు ఎవరు వెళ్ళేవాళ్ళు?"

వాళ్ళ అబ్బా ఇమ్రాన్ మీర్జానే ఆమెకి కోచ్ అని, అమ్మ నసీమా వెంట ఊళ్ళు తిరిగేదని చెప్పాను. ఆరేళ్ళప్పుడు రాకెట్ పట్టిందని కూడా.

"అంటే ఖాందాన్ మొత్తం నిలబడింది" అన్నారు దాదీ. తర్వాత మా ఆయన్ని చూస్తూ, "మనింట్లో ఎవరు నిలబడతారు రా?"

ఆయన జవాబు చెప్పలేదు. నౌకరీ పోతున్న మనిషి. గుంటూరులో కొత్త పని వెతుక్కోవాలి. కోచింగ్ ఫీజు, రాకెట్ తీగలు, బూట్లు, అవన్నీ ఆయన కళ్ళ ముందు తిరుగుతున్నాయని నాకు తెలుసు. నేనూ మాట్లాడలేదు. బండి నాలుగడుగులు కదిలింది, ఆగింది.

"పొద్దున ఎన్నింటికి పెడతారు ఈ కోచింగులు?" మళ్ళీ దాదీయే.

"ఎండ ముదరకముందే అమ్మీ. ఆరింటికి, ఆరున్నరకి" అన్నాను.

"అయితే ఫజర్ తర్వాతే కదా. నేను ఎటూ లేచే ఉంటా. దాంతో పోయి కూర్చుంటా. ఎవరేం అంటారో నా ముఖం చూసి అనమను." ఒక్క క్షణం ఆగి, "ఒక్క ఏడాది. చదువు తగ్గిందంటే మాత్రం రాకెట్ అటక మీదికి."

మా ఆయన అద్దంలోంచి వెనక సీటు వైపు చూశారు. బేటీ కళ్ళు మూసుకునే ఉంది, కానీ పెదవులు నవ్వుతున్నాయి. ఎప్పుడు లేచిందో ఏమో.

అందరి పిల్లలూ సానియాలు కారు. మా బేటీ కూడా అవ్వాలని నేను దువా చెయ్యట్లేదు. ఇంకొన్నాళ్ళు పొద్దున్నే లేచి ఆ కోన్‌కి గురి పెట్టి కొట్టాలి, తప్పాలి, బంతులు ఏరుకుని మళ్ళీ కొట్టాలి. మన ఆడపిల్లలకి ఆ సబర్, ఓడి ఇంటికొచ్చి మళ్ళీ బయల్దేరే హిమ్మత్ అలవాటైతే, రేపు రాకెట్ లేకపోయినా అవి పనికొస్తాయి. మీ ఇంట్లో కూడా ఇలాంటి షౌక్ ఉన్న పిల్ల ఉంటే, ఫైసలా చెప్పే పెద్దవాళ్ళని ఒక్క పొద్దున కోర్టు పక్కన కూర్చోబెట్టి చూడండి.

ఇది రాసేసరికి మా సామాను సగం డబ్బాల్లోకి ఎక్కింది. రాకెట్ల సంచీని కార్గోలో వెయ్యబోతుంటే దాదీ ఆపారు. "అవి విరుగుతాయి. నా చేతికివ్వు, నేను పట్టుకొస్తా" అన్నారు.