ముందు స్వెట్టరు, తరవాతే గౌను

డిసెంబరు వచ్చిందని హైదరాబాదు బోరబండలో క్యాలెండరు చూసి తెలుసుకోనక్కర్లేదు. తెల్లవారకముందే అయ్యప్ప స్వాములు నల్ల పంచెలు, నల్ల చొక్కాల మీద నల్ల శాలువాలు కప్పుకుని పూజకు బయల్దేరతారు. భవానీ మాల వేసుకున్నవాళ్లు ఎర్రబట్టల్లో కనిపిస్తారు. పొద్దు వాలాక, క్రిస్మస్‌కు ముందే జరిగే సెమీ క్రిస్మస్ కూటాలకు వెళ్లే ఆడవాళ్లు ఐదారుగురు ఒకే రంగు చీరల్లో ఆటో కోసం నిలబడి ఉంటారు. నెల సగం దాటి ధనుర్మాసం మొదలైతే గుళ్లకు వెళ్లేవాళ్ల పట్టుచీరలూ వీటిలో కలుస్తాయి. అప్పట్నుంచి సంక్రాంతి దాకా మా పేటలో ఎవరింట చూసినా బట్టల మాటే.

దీనికి కారణం పండగలొక్కటే కాదు, మన వాతావరణం కూడా. ఎండాకాలం పెళ్లిళ్లలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న ఏ ఆడమనిషినైనా అడగండి. జరీ అంచు చెమటకు ఎలా గుచ్చుతుందో, లైనింగు వీపుకు ఎలా అంటుకుపోతుందో చెబుతుంది. వెల్వెట్ సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. హైదరాబాదులో బరువైన బట్ట హాయిగా ఒంటి మీద నిలిచేది డిసెంబరు, జనవరి నెలల్లోనే. రాత్రి 15 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, మధ్యాహ్నానికి మళ్లీ 28 దాకా ఎక్కుతుంది. 1946 జనవరిలో ఇక్కడ 6.1 డిగ్రీలు నమోదైంది గానీ అలాంటి చలి మనకు చాలా అరుదు. మన చలి మనిషిని ఇంట్లో కూర్చోబెట్టే చలి కాదు. చీకట్లో వచ్చి, ఎండెక్కేసరికి వెళ్లిపోతుంది.

అయితే పండగలన్నీ సరిగ్గా ఆ చీకటి వేళల్లోనే పడతాయి. కారల్స్ పాడేవాళ్లు ఇల్లిల్లూ తిరిగేది రాత్రిపూట. క్రిస్మస్ నాడు చాలా చర్చిల్లో ఆరాధన తెల్లవారుజామునే మొదలవుతుంది. డిసెంబరు 31న అర్ధరాత్రి దాటే దాకా కొత్త సంవత్సరపు ఆరాధన ఉంటుంది. వైకుంఠ ఏకాదశికి ఉత్తర ద్వారం ముందు వరస కట్టేది కోడి కూయకముందే. భోగిమంట సరే సరి. కొత్తబట్టలు నలుగురికీ కనబడాల్సిన గంటా, చలి ఎక్కువగా ఉండే గంటా ఒకటే అన్నమాట.

చిక్కంతా ఇక్కడే. ఏ ఇంట్లోనైనా క్రిస్మస్ పొద్దున ఈ గొడవ వినిపిస్తుంది. పిల్ల మెరుపుల గౌను వేసుకుని గుమ్మం దాకా వస్తుంది, తల్లి వెనక నుంచి స్వెట్టరు పట్టుకుని వస్తుంది. "స్వెట్టరేస్తే నా గౌను ఎవరికి కనబడ్తది మమ్మీ?" అంటుంది పిల్ల. ఆ ప్రశ్నను మొండితనం కింద కొట్టెయ్యకూడదని నా అభిప్రాయం. నెల రోజులుగా ఎదురుచూసిన బట్ట మీద బడికి తొడుక్కునే నీలం స్వెట్టరు, మోచేతుల దగ్గర ఉండలు కట్టింది, పొట్టిదైపోయింది, తెచ్చి తొడిగితే ఎవరికైనా ఏడుపొస్తుంది. గౌనుకు బోనస్ డబ్బంతా పెట్టి, దాని మీద వేసేదాన్ని చివరి నిమిషంలో బీరువా అడుగు నుంచి లాగుతున్నాం. ఆ వరస తిరగెయ్యాలి. ముందు చలిబట్ట చూసుకోవాలి, దానికి నప్పేటట్టు గౌను తీసుకోవాలి.

మా ఇంట్లో నేను పాటించేది చెబుతాను. పిల్లలకు ఏ బొమ్మా, రాతా లేని, ముందు గుండీలుండే స్వెట్టరు ఒకటి, తెలుపో లేత గోధుమరంగో తీసుకుంటాను. లంగా మీదకీ, గౌను మీదకీ, జీన్సు మీదకీ సరిపోతుంది. గుండీలు తీసి వదిలేస్తే లోపలి పనితనమూ కనబడుతుంది. కింద గౌను రంగులోనే పొడుగు చేతుల పల్చటి బనియను వేస్తాను. మందపాటిది ఒక్కటి వేసేకంటే పల్చటివి రెండు వేస్తే నయం. రెండు బట్టల మధ్య చిక్కిన గాలే ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. పైగా పదింటికి ఎండ రాగానే ఒకటి తీసేయవచ్చు. మగపిల్లలకు కుర్తా మీద చేతుల్లేని కోటు చాలు, ఛాతీ కప్పితే సగం చలి పోతుంది.

చీర మీద స్వెట్టరు మాత్రం నాకు సమ్మతం కాదు. కుచ్చిళ్లు నలుగుతాయి, పైట మడత చెదురుతుంది, అంతసేపు నిలబడి పెట్టుకున్న పిన్నులన్నీ వృథా. పొడుగు చేతుల బ్లౌజు, పైన శాలువా, అదీ చీరకు తగిన పద్ధతి. శాలువా రంగు చీర ఒంటితో కాక అంచుతో కలవాలి. మెరూన్ అంచున్న ఆకుపచ్చ చీర మీద మెరూన్ శాలువా వేసి చూడండి, పైట కనబడకపోయినా చీర అందం తగ్గదు.

స్వెట్టర్లకు నేను పెద్ద షాపులకు పోను. చలికాలం రాగానే నగరంలో రోడ్ల పక్కన టిబెటన్, నేపాలీ కుటుంబాలు దుకాణాలు పెడతాయి. వాళ్లు తెచ్చే సరుకులో ఎక్కువ భాగం లూధియానాది, అక్రిలిక్ నూలుది. ఉన్ని కాదని చిన్నబుచ్చాల్సిన పనిలేదు, మన చలికి అది చాలు. లోపలి వైపు తిప్పి కుట్టు చూడాలి, మెడ దగ్గర లాగి వదిలితే మళ్లీ మూసుకుంటుందో లేదో చూడాలి. ఇంకా తక్కువలో కావాలంటే ఎర్రగడ్డ ఆదివారం సంత ఉంది. ఓపికుంటే అక్కడి పాతబట్టల కుప్పల్లో మంచి కోటు దొరుకుతుంది. ఉతికి, గుండీలు మార్చి, ఇస్త్రీ చేయిస్తే పండక్కి నిక్షేపంగా ఉంటుంది.

అసలు నేర్పంతా కుట్టుపనిలో ఉంది. సెమీ క్రిస్మస్ చీరలనే తీసుకోండి. చర్చి ఆడవాళ్లంతా కలిసి ఒక రంగు అనుకుంటారు. ఆ అనుకోవడానికే వారాలు పడుతుంది. చామనఛాయకు ఏది బాగుంటుంది, పెద్దవాళ్లు ఎంత ముదురు రంగు కడతారు, కిస్తీల మీద చీరలు ఇచ్చే ఆంటీ దగ్గర అన్ని పీసులు దొరుకుతాయా, ఇవన్నీ తేలాలి. చివరికి అందరికీ ఒకే చీర వస్తుంది. అప్పుడు ఎవరికి వారు తమ ముద్ర వేసుకునేది బ్లౌజు మీదే. ఒకామె మోచేతి దాకా చేతులు పెట్టించి అంచు వేయిస్తుంది. ఇంకొకామె వెనక తాళ్లకు కుచ్చులు కట్టిస్తుంది. కాలేజీ పిల్ల బోట్ నెక్ అడుగుతుంది, వాళ్లమ్మమ్మ మెడ మూసి కుట్టమంటుంది. పాటకు వరసగా నిలబడ్డప్పుడు దూరానికి అందరూ ఒకటే. దగ్గరికి వెళ్తే ఎవరి ముద్ర వాళ్లదే. ఇది నాకు ఎంతో ఇష్టం.

బ్లౌజు బట్టకు అమీర్‌పేట మ్యాచింగ్ సెంటర్లకు పోవాలంటే పగలే పోవాలి. ట్యూబులైటు కింద కలిసిన రంగు ఎండలో విడిపోతుంది. చీర కొంగు పట్టుకుని గుమ్మం బయటికి వచ్చి చూస్తే షాపువాళ్లు ఏమీ అనుకోరు, వాళ్లే తాను తీసుకుని వెంట వస్తారు. రోజువారీకి టూ బై టూ చాలు, పండక్కి రా సిల్కో వెల్వెటో. లైనింగు గుడ్డను నీళ్లలో తడిపి ఆరేసి ఇవ్వాలి, లేకపోతే మొదటి ఉతుకుకే లోపల కుంచించుకుపోయి పైబట్ట ముడతలు పడుతుంది. మగ్గం వర్కు అంటే నవంబరులోనే ఇచ్చెయ్యాలి. ఫాల్, పీకో కూడా ఆఖరి వారానికి ఉంచొద్దు. మా టైలరమ్మ ఏటా అందరికీ ఒకే మాట చెబుతుంది: "పదిహేను తారీఖు దాటినంక తెస్తే క్రిస్మస్‌కు ఇయ్యలేనక్కా, న్యూ ఇయర్‌కే." ఆమె అన్న తేదీకి బట్ట చేతికొస్తుంది. రాత్రి ఎంతసేపటి దాకా ఆ మిషను తిరుగుతుందో వీధిలో వాళ్లందరికీ తెలుసు. కుట్టుకూలి దగ్గర బేరమాడేవాళ్లను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది.

ప్రతి కుట్టులో లోపల ఒక వేలెడు బట్ట వదలమని అడుగుతాను. గౌను కింద మడత కూడా అంతే, కాస్త ఎక్కువ పెట్టమంటాను. వచ్చే డిసెంబరుకు పిల్ల ఎదుగుతుంది, మడత విప్పితే సరిపోతుంది. వెనకటికి ఒకే తానులోంచి అక్కాచెల్లెళ్లందరికీ గౌన్లు కుట్టించేవారు, పెద్దదానిది పొట్టిదైతే చిన్నదానికి దిగేది. ఇప్పుడు తల్లీకూతుళ్లకు ఒకే బట్టలో కాంబో సెట్లని దుకాణాల్లో అమ్ముతున్నారు. ఆ ముచ్చట మన ఇళ్లలో ఎప్పుడో ఉంది.

క్రిస్మస్, సంక్రాంతి మధ్యకు రంజాన్ కూడా వచ్చిన ఏళ్లున్నాయి. చాంద్రమాన సంవత్సరం పదకొండు రోజులు చిన్నది కనక ఆ పండగ ఏటా వెనక్కి జరుగుతూ అన్ని రుతువులూ తిరుగుతుంది. 2000లో డిసెంబరు ఆఖరి వారంలో, క్రిస్మస్ అయిన రెండు మూడు రోజులకే వచ్చింది. మా దగ్గరి టైలరు మాస్టరు ఒకాయన ఆ డిసెంబరును ఇప్పటికీ తలుచుకుంటాడు. "ఒక పక్క షేర్వాణీలు, ఒక పక్క గౌన్లమ్మా, కత్తెర కింద పెట్టలే" అంటాడు. లెక్క ప్రకారం 2033 డిసెంబరులో మళ్లీ అలాగే రెండూ దగ్గర పడతాయి. అప్పుడు పదిహేనో తారీఖు గడువు కూడా చాలదు.

జనవరి ఒకటిన నాంపల్లిలో నుమాయిష్ అనే ఎగ్జిబిషన్ తెరుస్తారు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946 నుంచి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జరుగుతోంది. ఎర్రగడ్డలో మెట్రో ఎక్కితే గాంధీభవన్ స్టేషన్ దాకా రైలు మారే పని లేదు. అక్కడ కశ్మీరు వాళ్ల శాలువా దుకాణాల ముందు నిలబడ్డప్పుడు మాత్రం తొందర కూడదు. క్రిస్మస్ అయిపోయింది కనక అక్కడ కొనేది ఈ ఏటి పండక్కి కాదు, వచ్చే డిసెంబరుకు. అందుకే బీరువాలో ఉన్న చీరల అంచులు గుర్తుంచుకుని వెళ్లాలి, ఫోన్లో ఫొటోలు పెట్టుకుంటే ఇంకా మంచిది. బంగారు రంగు శాలువా ఒకటి ఉంటే ఏ జరీ అంచుకైనా సరిపోతుంది. ఉన్నిదని చెప్పి అమ్మేవాటిలో కలిపినూలు ఎక్కువ. నచ్చిన మెత్తదనానికి డబ్బివ్వాలి, పశ్మీనా అన్న పేరుకు కాదు.

సంక్రాంతికి బోరబండలో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. ఊరి బస్సులో రాత్రంతా ప్రయాణం, దిగేది మంచులో, ఆ వెంటనే భోగి. సంచిలో పట్టేది కొంచెమే కాబట్టి నేను క్రిస్మస్‌కే ఆలోచించి బంగారు రంగు బ్లౌజు ఒకటి కుట్టించుకుంటాను. అదే బ్లౌజు డిసెంబరులో తెల్లచీర మీదకు, జనవరి ఒకటిన గుడికి కట్టుకునే ఆకుపచ్చ చీర మీదకు, కనుమ నాటి నేతచీర మీదకు నప్పుతుంది. కొత్తది ఒకటే, పూటకో చీరతో జత. మా అమ్మ నా ఒంటికి ఏది బాగుందో ఇట్టే చెప్పేస్తుంది, ఆమె మాటే ఆఖరు.

ఊరి నుంచి రాగానే స్వెట్టర్లు చల్లనీళ్లలో ముంచి, పిండకుండా టవల్లో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టండి. తాడు మీద వేలాడదీస్తే భుజాలు సాగుతాయి. బాగా ఆరాక ఎండిన వేపాకుతో మడతపెట్టి పైఅరలోనే ఉంచండి. పొట్టివైపోయినవాటిని ఇప్పుడే వేరు చేసి, కాస్త చిన్నపిల్లలున్న ఇంటికి ఈ చలి ఉండగానే ఇచ్చేయండి. శాలువా కొనాలనుకుంటే నుమాయిష్ ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. ఆఖరి వారంలో బేరం కాస్త తెగుతుంది.