శిలాజాల వేటలో నడుము జాగ్రత్త

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి - ఉద్యోగరీత్యా ఈ మూడు చోట్లా నేను చూచిన నడుము నొప్పులలో అధికభాగం పత్తి తీసేవారివి, మిరప ఏరేవారివి, నాట్లు వేసేవారివి. సెలవు రోజున రాళ్లలో శిలాజాలు వెదికే ఉపాధ్యాయులూ, విద్యార్థులూ అప్పుడప్పుడు ఇదే బాధతో వస్తుంటారు.

వారి ఉత్సాహానికి కారణం లేకపోలేదు. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్రలోని సిరోంచ. ఆ ప్రాంతపు రాళ్లు శిలాజాలకు పేరుపొందినవి. నాటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిన రాక్షసబల్లి ఎముకలకు 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త 'కోటాసారస్' అని పేరుపెట్టారు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో మీరూ చూడవచ్చు.

ఒకసారి ఒక యువ ఉపాధ్యాయుడు వచ్చి, "సార్, చెప్పు కాలికి నిలుస్తలేదు, జారిపోతున్నది" అన్నాడు. ముందురోజు మూడు గంటలపాటు కదలకుండా గొంతుకు కూర్చుని రాళ్లు చూశాడట. పాదం పైకి లేవడం లేదు. మోకాలి కింద, బయటివైపు చేతికి తగిలే ఎముక బొడిపెను చుట్టి ఒక నరం పోతుంది. ఎక్కువసేపు గొంతుకు కూర్చుంటే అది నలిగి పాదం వేలాడిపోతుంది. పంట కోసే కూలీలలోనూ ఈ జబ్బు కనిపిస్తుంది. అతనికి నయం కావడానికి రెండు నెలలు పట్టింది.

గొంతుకు కూర్చోవడం చెడ్డదని నా అభిప్రాయం కాదు. ఏ భంగిమైనా కొద్దిసేపు మంచిదే, ఎక్కువసేపైతే హానికరమే. కనుక ఇలా చేయండి:

మొదట నిటారుగా నడుస్తూ నేలను చూడండి. ఏదైనా కనబడితే నడుము వంచకండి. మడిచిన గోనెసంచి మీద ఒక మోకాలు ఆనించి, రెండో తొడపై చెయ్యి ఊతంగా పెట్టుకోండి. కాసేపటికి మోకాలు మార్చండి. చిన్న పీట వెంట ఉంటే మరీ మంచిది. పదిహేను, ఇరవై నిమిషాలకొకసారి లేచి నాలుగడుగులు వేసి, చేతులు నడుముపై ఉంచి మెల్లగా వెనక్కు వంగండి. ఎండ ముదరకముందే పని ముగించండి, మంచినీళ్లు మరువకండి.

ఎముకవంటిది కనబడితే తవ్వకండి, ఎత్తకండి. ఫోటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవారికి తెలపండి. శాస్త్రానికీ మేలు, మీ నడుముకూ మేలు.

శిలాజాలు వెదికేవారు తలచుకున్నప్పుడు లేవగలరు. కిలో లెక్కన పత్తి తీసే కూలీకి లేస్తే కూలి తగ్గుతుంది. మీ చేనులో పనిచేసేవారికి గంటకు రెండు మూడుసార్లు నడుము చాపుకునే వీలు కల్పించండి.

సాధారణమైన నొప్పి కొద్ది రోజులలో తగ్గుతుంది. మంచం పట్టనక్కరలేదు, మెల్లగా తిరుగుతూనే ఉండండి. కాని కాలు బలహీనపడినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం బిగిసినా, అదుపు తప్పినా మాలిష్‌లతో కాలయాపన చేయరాదు. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి.