ప్రాంగణం దాటిన గ్రంథపాలకుడు

విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఆచార్యులకు, పరిశోధకులకు మాత్రమే ఉద్దిష్టమని సామాన్యంగా భావిస్తాము. అందలి గ్రంథపాలకుని కర్తవ్యం ప్రాంగణ ద్వారంతోనే ముగుస్తుందా? ఈ ప్రశ్న నాకు నా విద్యార్థుల మూలంగా కలిగింది. ఎల్లారెడ్డి, పోచారం పరిసర గ్రామాల నుండి ప్రాచ్యభాషాధ్యయనానికి వచ్చినవారిలో, శబ్దరత్నాకరంలోని పుటలను చేతితో నకలు వ్రాసుకొని సెలవులలో ఊరికి తీసుకొనిపోయినవారిని నేనెరుగుదును. ఊరిలో ఆ నిఘంటువు లేదు. అది ఉన్న నగర గ్రంథాలయంలో వారికి సభ్యత్వం లేదు.

ఈ ప్రశ్నకు ఆచరణలో సమాధానం చెప్పినవారు ఎస్.ఆర్. రంగనాథన్ గారు. గణితాధ్యాపకులైన ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలక పదవిని స్వీకరించారు. ఆయన కృషి ఆ భవనానికే పరిమితం కాలేదు. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘ స్థాపనకు పూనుకొన్నారు. మరుసటి సంవత్సరమే శిక్షణ తరగతులు ప్రారంభమైనవి. 1930లో కాశీలో జరిగిన విద్యాసభ ఎదుట గ్రంథాలయ చట్టానికొక నమూనాను ఉంచారు. 1931లో వెలువడిన ఆయన పంచసూత్రాలలో ప్రతి పాఠకునికి తన గ్రంథం లభించవలెనన్నది ఒకటి. ప్రాంగణంలోని పాఠకునికే అని ఆ సూత్రం చెప్పలేదు.

తెలుగునాట గ్రంథాలయోద్యమం అంతకు పూర్వమే ప్రజల పూనికతో సాగినది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లోనే వెలసింది. అయితే చందాలపై, దాతలపై ఆధారపడిన సంస్థలు నిలకడగా నడవటం కష్టం. ఆ నిలకడను చేకూర్చినది చట్టం. మద్రాసులో 1948లోను, హైదరాబాదు రాష్ట్రంలో 1955లోను గ్రంథాలయ చట్టాలు వచ్చినవి. 1960లో ఆంధ్రప్రదేశ్‌కంతటికి ఒకే చట్టం ఏర్పడినది. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను చెల్లించే గ్రామీణుడు ఆ విధంగా పుస్తకానికి హక్కుదారుడైనాడు.

హక్కు ఏర్పడినంత మాత్రాన పుస్తకం చేరదు. మంజీర ఉపనదిపై 1916-1922 మధ్య నిర్మించిన పోచారం జలాశయాన్ని చూచినవారికి ఈ సంగతి వివరింపనక్కరలేదు. కట్ట ఎంత దృఢమైనదైనా, తూము తెరచి కాలువకు నీరు వదలినప్పుడే పొలం పండుతుంది. విశ్వవిద్యాలయాలలోని నిఘంటువులు, సవ్యాఖ్యాన కావ్యాలు శాఖా గ్రంథాలయాల ద్వారా గ్రామ పాఠకునికి ఎరువుగా అందే ఏర్పాటు కావలెను. పల్లెలలోని తాళపత్రాలను గుర్తించి భద్రపరచే పద్ధతిని గ్రంథపాలకులు అక్కడికే వెళ్ళి నేర్పవలెను. ఆ పత్రాలను చదివి పరిష్కరింపగల పండితులు మన ప్రాచ్యకళాశాలలలో ఉన్నారు. ఈ ఇరువురూ కలిసి పనిచేసిననాడు, నకలు వ్రాసుకొనే ఆ విద్యార్థి చేతికి గ్రంథమే అందుతుంది.