ఎన్ని గోల్స్ కొట్టాడు?

మొన్న పండక్కి మా పిన్ని వాళ్లింటికి వెళ్తే, వాళ్ల మనవడు సోఫాలో కూర్చుని ఫోన్లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ చూస్తున్నాడు. పదిహేడేళ్లవాడు, ఒంటిమీద లేత నీలం జెర్సీ. ఈ ఆట మీద ప్రాణం పెట్టే కుర్రాడు మనింట్లో ఒకడు తయారయ్యాడు కదా అని ముచ్చటేసి, వెళ్లి పక్కన కూర్చున్నాను. మాటల్లో మాటగా టోనీ ఫోర్డ్ పేరెత్తాను.

"ఆయనెవరు పెదనాన్నా?"

"గ్రిమ్స్‌బీకి ఆడాడు. మిడ్‌ఫీల్డర్."

"ఎన్ని గోల్స్ కొట్టాడు?"

"కొట్టినవి కొట్టాడు. లీగులో 931 మ్యాచ్‌లు ఆడాడు నాన్నా."

"ప్రీమియర్ లీగులోనా?"

"కాదు. అందులో ఒక్కటీ లేదు."

"అయితే వేస్ట్" అని మళ్లీ ఫోన్లోకి వెళ్లిపోయాడు.

వాడి మీద నాకు కోపం లేదు. ఈ ఆటను వాడికి పరిచయం చేసినవాళ్లు గోల్స్, కొనుగోలు ధరలు తప్ప మరొకటి చూపించలేదు. ఆ మాట మాత్రం నాలుగు రోజులుగా పంటికింద రాయిలా ఉంది. 931 మ్యాచ్‌లు వేస్టా?

లెక్క చూద్దాం. ఇంగ్లండ్‌లో పై డివిజన్ కింద ఇంకో మూడు డివిజన్లున్నాయి. ఇప్పుడు ఒక్కోదాంట్లో 24 జట్లు. ప్రతి జట్టూ మిగతా 23 జట్లతో సొంతూళ్లో ఒకసారి, వాళ్ల ఊళ్లో ఒకసారి ఆడాలి కాబట్టి ఏడాదికి 46 మ్యాచ్‌లు. జ్వరమనీ మోకాలనీ ఒక్క రోజు కూడా మానకుండా ఇరవయ్యేళ్లు ఆడితే 920 అవుతాయి. ఫోర్డ్ దానికి పదకొండు ఎక్కువే ఆడాడు. కప్పు పోటీల్లో ఆడినవి దీనికి అదనం. ఇంగ్లండ్ లీగు చరిత్ర మొత్తంలో అతన్ని దాటినవాడు పీటర్ షిల్టన్ ఒక్కడే, 1005 మ్యాచ్‌లు. షిల్టన్ గోల్‌కీపర్. ఆ పని తేలికని నేననను. కానీ గోల్‌పోస్టుల ముందు నిలబడటం వేరు, తొంభై నిమిషాలూ గీత పొడుగునా పైకీ కిందికీ పరుగెత్తడం వేరు. అలా పరుగెత్తేవాళ్లలో ఫోర్డ్ కంటే ఎక్కువ ఆడినవాడు ఇంకొకడు లేడు.

అతను 1959 మే 14న గ్రిమ్స్‌బీలో పుట్టాడు. అది ఉత్తర సముద్రం ఒడ్డున చేపల ఊరు, ఒకప్పుడు ప్రపంచంలోని పెద్ద చేపల రేవుల్లో ఒకటి. ఆ ఊరి జట్టును మ్యారినర్స్ అంటారు, సముద్రం మీదికి వెళ్లేవాళ్లని. వాళ్ల మైదానం బ్లండెల్ పార్క్ అసలు గ్రిమ్స్‌బీలోనే లేదు, పక్కనున్న క్లీథార్ప్స్‌లో ఉంది. దాని వెనకాలే రైలు పట్టాలు, పట్టాలు దాటితే నీళ్లు. 1975 అక్టోబరులో, పదహారేళ్లు నిండిన అయిదో నెలలో, ఫోర్డ్ మొదటిసారి ఆ జట్టులోకి వచ్చాడు. ఆ తర్వాతి నెలలోనే ఐస్‌లాండ్‌తో బ్రిటన్‌కు మూడోసారి కాడ్ చేపల గొడవ మొదలైంది. మా తీరం నుంచి 200 మైళ్ల వరకూ నీళ్లు మావే అంది ఐస్‌లాండ్. గస్తీ పడవలు, యుద్ధనౌకలు ఒకదాన్నొకటి గుద్దుకునేదాకా వెళ్లింది వ్యవహారం. 1976 జూన్‌లో బ్రిటన్ దిగివచ్చింది. దాంతో గ్రిమ్స్‌బీ పడవలు దూరపు వేటకు వెళ్లడం తగ్గిపోతూ వచ్చింది, రేవు పలచబడింది. ఊళ్లో మొగవాళ్లకు పని లేకుండా పోతున్న ఆ రోజుల్లోనే ఈ జట్టు 1979లో నాలుగో డివిజన్ నుంచి మూడోదానికి, 1980లో ఛాంపియన్‌గా మూడోదాని నుంచి రెండోదానికి ఎక్కింది. కుడివైపు గీత పక్కన పరుగెత్తుతున్న ఆ నల్లజాతి కుర్రాడు, ఫోర్డ్, ఆ ఊరివాడే. ఆ కాలంలో ఇంగ్లండ్ మైదానాల్లో నల్లజాతి ఆటగాళ్లను ఎంత నీచంగా తిట్టేవారో తెలిసినవాళ్లకు, ఆ గీత పక్కన ఇరవై ఆరేళ్లు నిలబడటమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. గీత పక్కనున్నవాడికి జనం మూడడుగుల దూరంలో ఉంటారు.

గ్రిమ్స్‌బీ తర్వాత స్టోక్, వెస్ట్ బ్రామ్‌విచ్, మళ్లీ గ్రిమ్స్‌బీ, స్కన్‌థార్ప్, కొన్నాళ్లు లీగు బయట బారో, ఆ తర్వాత మాన్స్‌ఫీల్డ్, చివరికి రాచ్‌డేల్. మధ్యలో 1989లో ఇంగ్లండ్ 'బి' జట్టుకు ఆడాడు. తర్వాత ఎంబీఈ బిరుదు ఇచ్చారు. ఇంతకుమించి ఘనత లేదు.

రాచ్‌డేల్ అనగానే సహకార సంఘాల పాఠం చదివినవాళ్ల చెవులు నిక్కబొడుచుకుంటాయి. 1844లో కొంతమంది నేతపనివాళ్లు, చేతిపనులవాళ్లు తలా కాస్త వేసుకుని కొట్టు తెరిచిన ఊరు అదే. మా నాన్న డిపార్ట్‌మెంటు పరీక్షకు ఆ పాఠాన్ని పైకి చదివి బట్టీ పట్టేవాడు. అందుకని ఫుట్‌బాల్ కంటే చాలా ముందే ఆ పేరు నా చెవిన పడింది. 1974లో నాలుగో డివిజన్‌లోకి పడిపోయిన ఆ ఊరి జట్టు 2010 దాకా, ముప్పై ఆరేళ్లు, అక్కడి నుంచి కదల్లేదు. అయినా ఆ ఊరివాళ్లు ప్రతి శనివారం వెళ్లి చూస్తూనే ఉన్నారు.

నేను ఈ కింది డివిజన్ల దారి పట్టింది మాత్రం బైచుంగ్ భూటియా వల్ల. 1999లో మన దేశపు ఆటగాడు భూటియా ఇంగ్లండ్‌లోని బెరీ జట్టుకు ఆడటానికి వెళ్లాడు. బెరీ, రాచ్‌డేల్ పక్కపక్క ఊళ్లు. శనివారం రాత్రి పదిన్నర దాటాక రేడియో చెవికి ఆనించుకుని షార్ట్‌వేవ్‌లో బీబీసీ పట్టుకునేవాణ్ణి. గరగరల మధ్య ఫలితాలు చదువుతుంటే అన్ని డివిజన్లూ అయ్యేదాకా ఆగాలి. మన భూటియా కోసం విన్నవాణ్ణి, అతను మూడు సీజన్లలో లీగులో 37 మ్యాచ్‌లు ఆడి తిరిగొచ్చేసినా వినడం మానలేదు. స్కన్‌థార్ప్, మాన్స్‌ఫీల్డ్, రాచ్‌డేల్ అనే ఆ పేర్లు వరసగా వింటుంటే, నిద్రపోయే ముందు రైలు స్టేషన్ల పేర్లు వింటున్నట్టుండేది. అప్పటికి నలభై దాటిన ఫోర్డ్ రాచ్‌డేల్‌లో కుడి బ్యాక్‌గా ఆడుతూనే, కోచింగ్‌లోనూ చేయి వేస్తున్నాడు. 2001లో నలభై రెండేళ్లకు బూట్లు విప్పాడు. బెరీ జట్టును 2019లో అప్పుల వల్ల లీగు నుంచే తీసేశారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

గోల్స్ ఎన్ని అని అడుగుతారే, మిడ్‌ఫీల్డర్ పని చూడాలంటే బంతి మీంచి కళ్లు తీసెయ్యాలి. బంతి అటు గీత దగ్గరుంటే ఇతనిటు పదడుగులు లోపలికి జరుగుతాడు. తన వెనకున్న బ్యాక్ ముందుకెళ్లాడా, ఆ ఖాళీలోకి ఇతను వెళ్లి నిలబడతాడు. బంతి అక్కడికి రాకపోతే ఆ నిలబడటం ఏ లెక్కలోకీ రాదు. వస్తే ఆపాడంటారు. ఫిబ్రవరిలో, మంగళవారం రాత్రి, మోకాళ్లదాకా బురద ఉన్న చోట ఇది నలభైసార్లు చెయ్యాలి. ఇదంతా మా పెద్దమామయ్య నాకు జింఖానా మైదానం గట్టు మీద కూర్చోబెట్టి, చింతగింజలు పేర్చి చూపించాడు.

మామయ్య సికింద్రాబాద్‌లో ఒక ఆఫీసు జట్టుకు లెఫ్ట్ హాఫ్. హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే అప్పట్లో దేశమంతా భయపడేది. సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. రహీం సాబ్ శిక్షణలో మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. వాటం లేని కాలితోనే ఆడాలని రహీం సాబ్ పోటీలు పెట్టేవారట. మామయ్య ఆ మాట విని, ఇంటి గోడకు బంతిని కుడికాలితోనే కొట్టి కొట్టి సున్నం రాల్చేశాడు. సాయంత్రం మైదానం నుంచి రాగానే ముందు బూట్ల సంగతే చూసేవాడు. అరుగు మీద పాత గోనెపట్టా పరిచి, పుల్లతో బురద గీకి, గుడ్డముక్కను ఆముదంలో ముంచి తోలుకు పట్టించేవాడు. అడుగునున్న తోలు స్టడ్ ఊడితే నోట్లో మేకులు పెట్టుకుని తనే కొట్టుకునేవాడు. "ఆ చేతులతో అన్నానికి రాకండి" అని అత్తయ్య లోపల్నుంచి కేకేసేది. ఇప్పటికీ ఆముదం వాసనొస్తే నాకు మైదానమే గుర్తొస్తుంది.

ఆ జట్టు ఒక ఏడు కప్పు గెలిచింది. మొత్తం టోర్నమెంటులో మామయ్య ఒక్క నిమిషం కూడా బయట కూర్చోలేదు. ఫైనల్ రోజు కాలి చిటికెనవేలి గోరు ఊడింది, గుడ్డ చుట్టుకుని ఆడాడు. ఫోటో తీసి, ఫ్రేము కట్టించి, ఆఫీసు వరండాలో పెట్టారు. కింద ఆటగాళ్ల పేర్లు అచ్చువేయించారు. గోల్స్ కొట్టిన ఇద్దరి పేర్లు ముందు, తర్వాత మిగతావాళ్లవి. ఫోటోలో పదకొండు మంది ఉన్నారు. కింద పది పేర్లే ఉన్నాయి.

దిద్దించమని మామయ్య ఎవర్నీ అడగలేదు. అత్తయ్య అడగమని పోరింది. ఒకసారి తనే టిఫిన్ క్యారియర్ చేత్తో పట్టుకుని ఆఫీసుకు వెళ్లి, పెద్దాయన గది ముందు గంటసేపు నిలబడి వచ్చింది. రాసిస్తామన్నారు. రాయలేదు. ఆ ఫ్రేము కింద నుంచే మామయ్య రిటైరయ్యేదాకా రోజూ హాజరుపట్టీలో సంతకం పెట్టడానికి వెళ్లాడు.

తర్వాత బిల్డింగు మారినప్పుడు పాత సామాన్లతోపాటు దాన్నీ బయట పడేస్తుంటే, ప్యూను గుర్తుపట్టి తెచ్చి మామయ్యకిచ్చాడు. మామయ్య పోయాక అత్తయ్య నాకిచ్చింది. గాజు పగిలింది, మార్పించాను. వెనక వరసలో ఎడమ నుంచి నాలుగోవాడు, చేతులు వెనక్కి కట్టుకున్నవాడు, మా మామయ్య.