జబర్వాన్ కొండ కింద తులిప్ మళ్లు

శ్రీనగర్‌లో దాల్ సరస్సుకు ఎగువన, జబర్వాన్ కొండల పాదాల దగ్గర ఉంది ఇందిరాగాంధీ తులిప్ తోట. 2007లో మొదలైన ఈ తోట సుమారు 74 ఎకరాలు. నేల మెట్లుమెట్లుగా దిగుతుంది కాబట్టి మళ్లలో నీరు నిలవదు. గడ్డ కుళ్లకుండా ఉండాలంటే ముందు కావలసింది అదే.

మేం వెళ్లింది ఉగాది సెలవుల్లో. మబ్బు పట్టినంతసేపూ పూలన్నీ ముడుచుకునే ఉన్నాయి. ఎండ తగిలాక ఒక ఎర్రపువ్వు విచ్చుకుంటే లోపలికి వంగి చూశాను. అడుగున నల్లటి మచ్చ, దాని చుట్టూ పసుపు అంచు, మధ్యలో ఆరు కేసరాలు. దూరం నుంచి తీసే ఫొటోల్లో ఇదేదీ పడదు.

జనమంతా రంగుల వరసల దగ్గర సెల్ఫీల్లో ఉన్నారు. నాకు మాత్రం పూత అయిపోయిన మడి నచ్చింది. ముందు పూసే రకాలవి. తోటమాలి ఒకాయన రేకలు రాలగా మిగిలిన తలల్ని పుటుక్కు పుటుక్కున తుంచేస్తున్నాడు. విత్తనం కట్టనిస్తే గడ్డ బలం దానికే పోతుందట. ఆకుల జోలికి మాత్రం పోడు. అవి పచ్చగా ఉన్నన్నాళ్లూ గడ్డ ఊరుతుంది. ఆకు పండి ఎండాక తవ్వి తీసి, ఆరబెట్టి, నీడన దాస్తారు. వచ్చే వసంతంలో పూయాల్సిన మొగ్గ ఆ ఎండాకాలంలోనే గడ్డ లోపల రూపు కడుతుంది. అక్టోబరు, నవంబరుల్లో మళ్లీ నాటితే, కాడ సాగడానికి కావలసిన చలి మంచు కింద దొరుకుతుంది. వీటికి తోడు నెదర్లాండ్స్ నుంచి తెప్పించే గడ్డలూ ఉంటాయి. ఇంత చాకిరీకి పూత నెల రోజులకు మించదు. నాకైతే ఈ లెక్క పూల కంటే ఆసక్తిగా అనిపించింది.

పక్కనే ఉన్న గుంటూరావిడ నన్నడిగారు: “ఏవండీ, మన వైపు వస్తాయేమో కాస్త కనుక్కోండి.”

తోటమాలిని హిందీలో అడిగాను. మూడు నెలలు ఫ్రిజ్‌లో పెట్టి, చలికాలంలో కుండీలో నాటితే ఒకసారి పూయొచ్చు, మరుసటేడు ఆశ పెట్టుకోవద్దు అన్నాడు. ఢిల్లీ రోడ్ల పక్కన పూసేవీ ముందే చలి పట్టించిన గడ్డలే.

“ఫ్రిజ్‌లో పక్కన యాపిల్ పళ్లు మాత్రం పెట్టకండి. వాటి నుంచి వచ్చే వాయువుకి లోపలి మొగ్గ మాడిపోతుంది” అని ఆవిడకు చెప్పాను.

ఆవిడ తన భర్త చేతిలోని కశ్మీరీ యాపిల్ పెట్టె వైపు చూసి, “అయితే మనకి ఇవే మేలు” అన్నారు.